నడుము కొలత

మా క్లినిక్‌లో అందరం ఆయన్ని అచ్చుతప్పులాయన అనేవాళ్ళం. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆయనకి తెలుసు. నొచ్చుకోకపోగా ఒకసారి నాతోనే అన్నారు: "అచ్చుతప్పులాయన అంటే తప్పులు చేసేవాడనే అర్థం వస్తుంది సిస్టర్. దిద్దేవాడని రావాలంటే ఇంకో మాట వెతకండి." నేను సిగ్గుతో తల దించుకుంటే ఆయనే నవ్వేశారు.

ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారాయన. ఇరవై నాలుగో ఏట జబ్బు పడ్డారు. స్కిజోఫ్రీనియా. ఆ మాట దాచుకునే మనిషి కాదు. "ఇద్దరు డాక్టర్లు దాన్ని ఒక్కలాగా రాయగా నేను చూడలేదు. ముందు పేరు సరిగ్గా రాయండి, జబ్బు సంగతి తర్వాత చూసుకుందాం" అనేవారు. పక్కన ఎవరో కూర్చుని ప్రూఫు పైకి చదువుతున్నట్టు, అదీ తప్పులు తప్పులుగా చదువుతున్నట్టు ఆయనకి వినిపించేది. పగలూ రాత్రీ ఆ తప్పులన్నీ దిద్దుకుంటూ కూర్చునేవారట. మందు సరిపడ్డాక ఆ గొంతులు కాస్త దూరం జరిగాయి. "ఇప్పుడు పక్కింట్లో చదువుతున్నారు. నాకు సరిగ్గా వినపడదు. వాళ్ళ తప్పులు వాళ్ళే పడతారు" అని చెప్పేవారు. ప్రెస్సు యజమాని మంచివాడు, పని ఇంటికే పంపించేవాడు.

నాలుగు వారాలకోసారి, మంగళవారం పది గంటలకి, సూది వేయించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవారు. మాది పేటలో చిన్న క్లినిక్. డాక్టరుగారు ఒక్కరే, నర్సుని నేనొక్కదాన్నే. సూదులు వేసే గది నడవా చివర ఉంటుంది. కిటికీ తెరిస్తే సైకిళ్ళ స్టాండు. ఆ గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక బీరువా, గోడ మీద ఒక పోస్టరు. 'మీ గుండే మీ బాద్యత' అని దాని మీద పెద్ద అక్షరాలు. ఆయన వచ్చిన మొదటి రోజే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, గుండెకి దీర్ఘం కొట్టేసి, బాధ్యతకి వత్తు పెట్టారు. "వత్తు లేని బాధ్యత ఏం బాధ్యత సిస్టర్?" అన్నారు. డాక్టరుగారు చూస్తే తిడతారేమోనని భయపడ్డాను. ఆయన ఆ పోస్టరు వైపు ఎప్పుడూ చూడలేదు.

పన్నెండేళ్ళు అలా గడిచాయి. ఒక నెల ఎడమ తుంటికి, ఇంకో నెల కుడి తుంటికి. సూది వేయడం, తేదీ రాయడం, ఏ వైపో రాయడం. నేను చేసింది అంతే.

ఆయనకి వాళ్ళక్క తప్ప ఎవరూ లేరు. ఆయనకంటే అయిదేళ్ళు పెద్దది. మూడో అంతస్తులో ఇల్లు, ముందుగదిలో కుట్టుమిషను. పేటలో ఆవిడ చేత బట్టలు కుట్టించుకోని ఇల్లు తక్కువ. నేనూ రెండు మూడుసార్లు కుట్టించుకున్నాను. ఆవిడ భర్త రెండేళ్ళు ఓపిక పట్టి, తమ్ముడో నేనో తేల్చుకోమన్నాడట. "తేల్చుకున్నాను" అని ఆ సంగతి నాకు ఒక్కమాటలో చెప్పి, మెడ చుట్టుకొలత తీసుకుంది. మళ్ళీ ఎప్పుడూ దాని ఊసెత్తలేదు. మొదట్లో తమ్ముడితో పాటు ఆవిడా వచ్చేది. ఆయన కుదురుకున్నాక ఒక్కడినే పంపేది. "తొమ్మిదిన్నరకి బయల్దేరి, పదకొండింటికి వచ్చెయ్యాలి. దారిలో బోర్డులన్నీ చదువుతూ నిలబడకు" అని చెప్పి పంపుతుందని ఆయనే చెప్పేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన ఎముకల గూడు. సూది దించడానికి కండ వెతుక్కోవలసి వచ్చేది. నాలుగేళ్ళు తిరిగేసరికి వెతకాల్సిన పని లేకపోయింది. బుగ్గలొచ్చాయి, పొట్టొచ్చింది. మంచం మీద కూర్చుంటే చొక్కా గుండీలు బిగిసేవి. "అక్కగారు బాగా చూసుకుంటున్నారు. ఒళ్ళు చేశారు" అన్నాను ఒకసారి. మెచ్చుకోలుగానే అన్నాను. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, వీధిలో అరవడం లేదు. మందు పనిచేస్తోందనడానికి ఆ ఒళ్ళే గుర్తనుకున్నాం. నిజంగానే పనిచేస్తోంది. బుర్రని కుదుట పరుస్తోంది, ఒంట్లో కొవ్వూ చక్కెరా పెంచుతోంది. రెండో పని సంగతి నేను చదువుకున్నదాన్ని. తెలియక కాదు. సిగరెట్లు రోజుకి ఇరవై తాగేవారు, అదీ తెలుసు. ఆయన వచ్చి వెళితే గదిలో అరగంట ఆ వాసన ఉండేది.

ఆ ఏడు చలి ముందే మొదలైంది. ఒక మంగళవారం ఆయన పది నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ ఆలస్యం చేసిన మనిషి కాదు. నడవాలో బెంచీ మీద కూలబడి, చేతిరుమాలుతో నుదురు తుడుచుకుంటున్నారు. నేను స్వెటరు వేసుకుని ఉన్నాను, ఆయనకేమో చెమట పట్టింది.

"మెట్లెక్కితే దవడ లాగుతోంది సిస్టర్," అన్నారు లోపలికొచ్చాక. "ఆగితే పోతుంది. ఎక్కితే మళ్ళీ వస్తుంది."

"గొంతులెలా ఉన్నాయి? మళ్ళీ దగ్గరికొచ్చాయా?" అనడిగాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. "నేను దవడ గురించి చెప్తున్నాను," అన్నారు.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కోపంగా అనలేదు. బాగా చదువుకున్నవాళ్ళు, ఎదుటివాళ్ళు ఒక వాక్యాన్ని సరిగ్గా చదవకపోతే విసుక్కోకుండా మళ్ళీ చూపిస్తారు చూడండి, అలా అన్నారు.

సూది వేసి, డాక్టరుగారి గది తలుపు తోసి చెప్పాను. లోపల ముగ్గురు, బయట బెంచీల మీద ఇరవై మంది. ఆయన తలెత్తలేదు. "దవడా? సిగరెట్లు తాగే నోరు. పళ్ళ డాక్టరుకి చూపించుకోమను," అన్నారు. నేను ఆ మాటే పట్టుకొచ్చి చెప్పాను. పళ్ళ డాక్టరు చిరునామా నేనే చీటీ మీద రాసిచ్చాను. ఆయన ఆ చీటీ చదివి, 'దంత'లో సున్నా మర్చిపోయానని చూపించి, జేబులో పెట్టుకున్నారు.

పళ్ళ డాక్టరుకి లోపలి వైపు ఒక పుచ్చుపన్ను దొరికింది. పీకేశాడు.

నాలుగు వారాల తర్వాత వచ్చినప్పుడు అడిగాను, తగ్గిందా అని.

"పన్ను పోయింది, నొప్పి ఉంది. తప్పు ఒకచోట ఉంటే ఇంకోచోట దిద్దారు," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే ఆయనా నవ్వారు. నవ్వుతూనే కుడి తుంటికి సూది వేయించుకుని, బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా లేచి వెళ్ళారు. ఇంకొక్క మాట అడగాలని నాకు తోచలేదు.

తొమ్మిదో రోజు పొద్దున దిద్దిన ప్రూఫుల కట్ట ప్రెస్సుకి ఇచ్చి, రొట్టె కొనుక్కుని, ఇంటికి వస్తూ రెండో అంతస్తు మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయారు. పైన వాళ్ళక్క మిషను తొక్కుతోంది. ఆ చప్పుడులో ఆవిడకేమీ వినపడలేదు. రెండో అంతస్తు ఇల్లాలు పైకొచ్చి తలుపు కొట్టి, "మీ తమ్ముడు మెట్ల మీద కూర్చున్నాడమ్మా. పిలిస్తే పలకడం లేదు," అని చెప్పింది. ఆవిడ దిగివచ్చేసరికి రొట్టె ఒళ్ళోనే ఉందట. మనిషి గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ, అక్కడ చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మూడు రక్తనాళాలు పూడుకుపోయి ఉన్నాయన్నారు. ఇది ఇవాళా నిన్నా మొదలైంది కాదు, ఏళ్ళుగా పేరుకున్నదన్నారు. ఆయన వయసు నలభై ఏడు.

కబురు మాకు మర్నాడు తెలిసింది. డాక్టరుగారు "అయ్యో" అని, తర్వాతి మనిషిని పిలిచారు. నేను అంత్యక్రియలకి వెళ్ళాను. పదిమంది కూడా లేరు. ప్రెస్సు యజమాని కళ్ళు తుడుచుకుంటూ ఒక పక్కన నిలబడ్డాడు. నేను వెనక నిలబడి వచ్చేశాను.

ఆయన మళ్ళీ రావాల్సిన మంగళవారం, పది గంటలకి, వాళ్ళక్క వచ్చింది. మిగిలిన మాత్రలు, మేమిచ్చిన తారీఖుల కార్డు ఒక గుడ్డసంచీలో పెట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఎప్పటిలాగే మెడలో టేపు వేలాడుతోంది. తియ్యడం మర్చిపోయినట్టుంది.

"ఇవి మీవి," అంది. ఆగి, "ఒక్కటి అడగాలి సిస్టర్. వాడి గుండె ఎప్పుడైనా చూశారా?" అంది.

అప్పుడే నడవాలోంచి వెళుతున్న డాక్టరుగారు ఆ మాట విని గుమ్మంలో ఆగారు. గొంతు తగ్గించి, మర్యాదగానే అన్నారు: "చూడమ్మా, ఈ జబ్బున్నవాళ్ళలో ఇలా త్వరగా పోవడం మామూలే. పుస్తకాల్లో కూడా ఉంది. మీ లోపమేమీ లేదు."

"మామూలేనని తెలిస్తే మరి ఎందుకు చూడలేదు?" అందావిడ.

డాక్టరుగారు తడబడ్డారు. "అవన్నీ పెద్దాసుపత్రిలో చూస్తారమ్మా. మేం సూది మాత్రమే..."

ఆవిడ నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నేను సంచీలోంచి మాత్రలు తీసి లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆవిడ వెళ్ళిపోయింది.

సాయంత్రం రోగులు తగ్గాక ఆయన ఫైలు తీశాను. నూట యాభైకి పైగా సూదులు, అన్నీ నా చేతిరాతే. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పక్కనే అచ్చేసిన గడులున్నాయి. బరువు, నడుము, బీపీ, చక్కెర, కొవ్వు, ఈసీజీ. మొదటి రోజు బీపీ ఒక్కటి రాసి ఉంది. ఆ తర్వాత పన్నెండేళ్ళ గడులన్నీ తెల్లగా ఉన్నాయి. వాటి వెనక పెద్దాసుపత్రి నుంచి ఏటా వచ్చిన ఉత్తరాలు, మొత్తం పదకొండు. ప్రతి దాంట్లో చివరి పేరా ఒకటే: ఈ మందు వాడేవారికి ఏడాదికోసారి బరువు, నడుము కొలత, రక్తపోటు, రక్తపరీక్షలు, ఈసీజీ మీ క్లినిక్‌లో చేయించగలరు. మీ క్లినిక్‌లో. కింద, చూశానన్నట్టు, మా డాక్టరుగారి పొట్టి సంతకం. ఆ కాగితాలకి చిల్లులు పొడిచి ఫైల్లో పెట్టింది నేను. పదకొండుసార్లు పొడిచాను.

వాళ్ళు చూస్తారని మేమనుకున్నాం. మేం చూస్తామని వాళ్ళు రాశారు. ఈసీజీ మిషను ఆ గదిలోనే ఉంది, బీరువా పైన, గుడ్డ కప్పి. ఆయన బోర్లా పడుకునే మంచానికి నాలుగడుగుల దూరం.

మర్నాడు పొద్దున డాక్టరుగారికి ఫైలు చూపించాను. ఆయన చెడ్డవారు కాదు. రోజుకి తొంభై మందిని చూస్తారు, మధ్యాహ్నం భోజనం నిలబడి తింటారు. ఉత్తరాలన్నీ తిరగేశారు. మొహం పాలిపోయింది.

"ఇప్పుడేం చేద్దామని?" అన్నారు.

"ఆవిడకి చెప్తాను సార్."

"చెప్తే ఆవిడ దుఃఖం తగ్గుతుందా?"

"తగ్గదు."

"మరెందుకు?"

"ఆవిడ అడిగారు సార్."

ఆయన ఫైలు మూసి నా వైపు తోశారు. వెళ్ళమనలేదు, వద్దనలేదు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. రెండో అంతస్తు మలుపు దగ్గర నా కాళ్ళు ఆగాయి. మామూలు మెట్లే, సిమెంటు మెట్లు, ఒక మూల చీపురు. గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ ఎక్కాను. ఆవిడ తలుపు తీసి, ఆశ్చర్యపోకుండా కుర్చీ చూపించింది. తను మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. మిషను మీద సగం కుట్టిన చిన్నపిల్లల గౌను. గోడ దగ్గర బల్ల, బల్ల మీద దిద్దడానికి వచ్చిన ప్రూఫులు ఇంకా అలాగే ఉన్నాయి.

అంతా చెప్పాను. గడుల సంగతి, ఉత్తరాల సంగతి, చిల్లుల సంగతి. దవడ నొప్పి గుండె నుంచి కూడా వస్తుందని నేను చదువుకున్నానని, ఆ రోజు అది తట్టలేదని, ఆయన్ని గొంతుల గురించి అడిగానని, ఆయనేమన్నారో అదీ చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది గానీ మింగేశాను. ఏడవాల్సింది ఆ గదిలో నేను కాదు.

ఆవిడ వింటూ గౌను అంచు నుంచి దారం లాగుతూనే ఉంది. నేను ఆపాక అంది:

"ఈమధ్య మెట్లెక్కేటప్పుడు రెండో అంతస్తులో ఆగిపోయేవాడు. ఆ ఇంటి పేరుపలక చదువుతున్నట్టు నిలబడేవాడు. నేను పైనుంచి చూసి, దాంట్లో కూడా తప్పులు వెతుకుతున్నావట్రా, పైకి రా, అని కేకలేసేదాన్ని. నవ్వుతూ వచ్చేవాడు. ఊపిరి అందక నిలబడుతున్నాడని..."

ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. లేచి సొరుగులోంచి ఒక పొడుగాటి పుస్తకం తీసింది. బట్టలు కుట్టేవాళ్ళు కొలతలు రాసుకునే పుస్తకం. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఒక పేజీ పైన 'తమ్ముడు' అని ఉంది.

"వాడికి బజార్లో కుట్టినవి నచ్చేవి కావు. ఏడాదికి రెండు ప్యాంట్లు నేనే కుట్టేదాన్ని," అంది. వేలు పెట్టి వరసగా చదివింది. "ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై మూడున్నర. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. నలభై. నలభై ఒకటిన్నర. నలభై మూడు. నలభై నాలుగు..." ప్రతి అంకె పక్కనా తారీఖుంది.

నేను తల ఎత్తలేకపోయాను.

"నడుము కొలత కావాలని ఆ కాగితంలో ఉందన్నారుగా," అంది. "నా దగ్గరుంది. ఒక్కసారి అడిగితే ఇచ్చేదాన్ని. ప్రతిసారీ టేపు పెట్టి, ఒక అంగుళం పెరిగిందంటే నేనెంత మురిసిపోయేదాన్నో తెలుసా? పాత ప్యాంట్లు కుట్లు విప్పి వదులు చేస్తూ, నా తమ్ముడు బాగయ్యాడు అనుకునేదాన్ని. అప్పట్లో అన్నం ముద్దలో విషం ఉందని ఉమ్మేసేవాడు, సిస్టర్. అలాంటివాడు ఇంత ఒళ్ళు చేశాడంటే నాకు పండగే కదా. నాకు తెలీదు." ఆవిడ పుస్తకం మూసింది. "మీకు తెలుసు."

అరిచినా, తిట్టినా తట్టుకునేదాన్నేమో. ఆవిడ గొంతు పెంచలేదు. ఆ గదిలోంచి లేచి వెళ్ళే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "ఇప్పుడు నాకు చెప్పిందంతా రాసివ్వండి."

రాశాను. పేజీన్నర వచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "అన్నిచోట్లా 'మేము పరీక్షించలేదు' అని రాశారు. ఎవరీ మేము?" అంది. "వాడితో ఇన్నేళ్ళు బతికాను. దిద్దడం నాకూ కాస్త వచ్చు."

'మేము' కొట్టేసి, 'నేను, డాక్టరుగారు' అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ ఆ కాగితం మడిచి కొలతల పుస్తకంలో పెట్టుకుంది. తలుపు దాకా వచ్చింది.

ఆ కాగితం నకలు ఆవిడ పై ఆఫీసుకి పంపింది. ఒక అధికారి వచ్చి రెండు రోజులు మా క్లినిక్‌లో కూర్చుని ఫైళ్ళన్నీ చూశాడు. డాక్టరుగారికీ నాకూ మందలింపు వచ్చింది. మరో నాలుగు నెలలకి ఈ మందులు వాడేవాళ్ళందరికీ ఏడాదికోసారి ఈ పరీక్షలు తప్పనిసరి అని కాగితం పంపారు. ఆ నాలుగు నెలలూ డాక్టరుగారు నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. పొద్దున నమస్కారం పెడితే కాగితాల్లోకి చూసేవారు.

నేను పై నుంచి కాగితం వచ్చేదాకా ఆగలేదు. ఆవిడకి రాసిచ్చిన మర్నాడే, సోమవారం, రిజిస్టరు ముందేసుకుని జాబితా రాసుకున్నాను. ఆయన కాక, ఈ సూదులూ మాత్రలూ వాడేవాళ్ళవి ఆ రిజిస్టరులో ముప్పై అయిదు పేర్లున్నాయి. వాటిలో నలుగురి పేర్ల మీద అప్పటికే గీత కొట్టి ఉంది. ఫైళ్ళు తీసి చూస్తే, ఆ నలుగురిలో ముగ్గురు గుండె జబ్బుతోనే పోయారు. ఒకావిడకి నలభై కూడా నిండలేదు. వాళ్ళ తరఫున వచ్చి అడిగినవాళ్ళు లేరు. ఆ పేర్ల మీద గీత కొట్టింది కూడా నేనే. కొట్టిన రోజు నాకేమీ అనిపించినట్టు గుర్తు లేదు.

మిగిలిన ముప్పై ఒక్క మందిని ఒక్కొక్కరినే పిలిచాను. మొదట వచ్చింది ఇస్త్రీ పని చేసుకునే ఒకాయన. బీపీ పట్టీ చూసి చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. "అది పట్టుకుందంటే వదలదు. లోపలున్నదంతా పీల్చేస్తుంది," అన్నాడు. ఇదివరకైతే, సరేలే, ఇంకోసారి చూద్దాం అనేదాన్ని. ఆ రోజు పట్టీ నా చేతికే కట్టుకుని, గాలి కొట్టే బుడ్డి ఆయన చేతికిచ్చాను. బిగించాడు, వదిలాడు. నాలుగుసార్లు బిగించి వదిలాడు. నా చెయ్యి ఎర్రబడింది. అయిదోసారి తన చెయ్యి చాపాడు.

బీపీ బాగా ఎక్కువుంది. ఈసీజీ తియ్యాలి. బీరువా పైనుంచి మిషను దించడానికి స్టూలెక్కుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. డాక్టరుగారు వచ్చి మిషను అందుకుని, దాని మీది గుడ్డ తీశారు. దుమ్ముకి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి.

"ముందు గది వెచ్చబెట్టు," అన్నారు. "చలికి మనిషి వణికితే కాగితం మీద గీతా వణుకుతుంది."

అది పనిమాట కాదని చెప్పలేను, అదీ పనిమాటే. కానీ ఆ రోజు వైర్లన్నీ ఆయనే స్వయంగా పెట్టారు. బయట ఇరవై మంది గోల పెడుతున్నా లేవలేదు. గీతలో గుండెకి తగిలిన పాత దెబ్బ ఒకటి కనిపించింది, ఎప్పుడు తగిలిందో ఇస్త్రీ ఆయనకే తెలీదు. పెద్దాసుపత్రికి పంపించాం. ఇప్పుడు మందులు వాడుతున్నాడు. సిగరెట్లు మానలేదు, సగానికి తగ్గించాడు. ఆ సగం కోసం నన్ను ప్రతి నెలా తిడతాడు. తిట్టించుకుంటాను.

ఏడాది తిరిగింది. అచ్చుతప్పులాయన అక్క మా క్లినిక్ మెట్లు మళ్ళీ ఎక్కలేదు. తన బీపీ మాత్రలకి కూడా దూరంగా ఇంకో క్లినిక్‌కి వెళుతోందని విన్నాను. ఒకరోజు దారాలూ గుండీలూ అమ్మే దుకాణం ముందు ఎదురుపడింది. సన్నబడింది. నేను పక్కకి తప్పుకోబోతే ఆవిడే ఆగింది.

"అందరినీ చూస్తున్నారా?" అంది.

"చూస్తున్నాను అక్కగారూ. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఆరుగురు వచ్చారు."

"మిగతా అయిదుగురు?"

"ఎన్నిసార్లు కబురు పెట్టినా రామంటున్నారు."

"రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళకూడదని ఉందా?"

"లేదండి."

"మరి వెళ్ళండి," అని, కొన్న దారపు ఉండలు సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. నన్ను క్షమించిందో లేదో తెలీదు. ఆ మాట అడిగే హక్కు నాకుందని అనుకోను.

అయిదుగురిలో నలుగురు ఇంటికి వెళితే చూపించుకున్నారు. అయిదో ఆవిడ ఒక్కతే ఉంటుంది. యాభై దాటాయి, ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేదట. మొదటిసారి వెళితే తలుపు వెనక నుంచే, "నాకే జబ్బూ లేదు, వెళ్ళు," అంది. రెండోసారి అసలు పలకలేదు. లోపల చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది. మూడోసారి గొలుసు తియ్యకుండా తలుపు జానెడు తెరిచి, ఆ సందులోంచి చెయ్యి మాత్రం మోచేతి దాకా బయటికి పెట్టింది.

నేను గుమ్మం బయట నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది, గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. తలుపు సందులోంచి ఇంకాస్త బయటికి చాపమని బతిమాలి, పట్టీ చుట్టి, గాలి కొట్టి, విన్నాను.

"ఎంత?" అంది లోపల్నుంచి.

చెప్పాను.

"ఎక్కువేనా?"

"కొంచెం ఎక్కువేనమ్మా."

చెయ్యి అలాగే నా చేతిలో ఉంది.

"మా అమ్మకీ అంతే ఉండేది," అంది. చెయ్యి లోపలికి తీసుకుని, నెమ్మదిగా తలుపు వేసుకుంది.